ముందు పెట్టని సున్న

శైలజ టీచర్‌కు లెక్కలంటే సిలబస్సే. మిగతాదంతా గారడీ. అందుకే కోరుట్ల బడిలో తొమ్మిదో తరగతి ప్రవళిక, జగిత్యాల గణిత మేళాకని ఒక అంకెల ఆట పట్టుకొచ్చేసరికి ఆమెకు ఒళ్లు మండింది.

"మొదటిదీ చివరిదీ వేరే వేరే ఉన్న మూడంకెల సంఖ్య తీస్కోండ్రి టీచర్. తిరగేసి రాసి, పెద్దదాంట్లకెల్లి చిన్నది తీసెయ్యిండ్రి. అచ్చినదాన్ని మళ్ల తిరగేసి కలపుండ్రి. ఏది వెట్టినా 1089 అస్తది!"

"గిదేం గణితం? టైంపాస్ ముచ్చట."

తలుపు దగ్గర పెద్దసారు నిలబడి చూస్తున్నాడు. అసలే కోపం, ఆపైన హెడ్‌మాస్టర్ కళ్లు. శైలజ చాక్‌పీసు అందుకుని బోర్డు మీద 201 వేసింది. తిరగేస్తే 102. తీసేస్తే 99. దాన్ని తిరగేసినా 99. కలిపితే 198.

"ఏది నీ 1089?"

తరగతి గొల్లున నవ్వింది. ప్రవళిక బోర్డు వైపు, తలుపు వైపు చూసి, వెళ్లి కూర్చుంది. మేళాకు ఆమె ఆటకు బదులు అదే తరగతి అభిలాష్‌కు వాళ్ల నాన్న కొనిచ్చిన థర్మాకోల్ ఘనాలు వెళ్లాయి.

ఆదివారం శైలజ సిరిసిల్లలో ఉన్న తల్లిని చూడ్డానికి బస్సెక్కింది. కథలాపూర్ దాటాక ఏమీ తోచక ఫోన్లో ఆ లెక్కే మొదలుపెట్టింది. అవతలివాళ్ల తప్పును మళ్లీ ఒకసారి చూసుకోవడంలో ఒక సుఖం ఉంటుంది కదా! 641 వేసింది, 1089. 850 వేసింది, 1089. ఆ సుఖం కాస్తా ఆవిరైంది.

వేములవాడ వచ్చేసరికి తట్టింది. మూడంకెలూ ఉండాలంటే 99 ముందు సున్న పెట్టి 099 అనాలి. తిరగేస్తే 990. కలిపితే 1089. తీసివేతలో వచ్చేది ఎప్పుడూ తొంభై తొమ్మిదో ఎక్కంలోదే. అదెందుకో తేల్చేది తను ఏటా చెప్పే బీజగణితమే. అంత మంచి లెక్కను టైంపాస్ అంది, ఆపైన ఆ పిల్లను నలుగురిలో నవ్వులపాలు చేసింది.

సోమవారం బోర్డు మీద 099 రాసి, "ప్రవళికదే రైటు. నేనే తప్పు చేసిన," అని అందరి ముందూ ఒప్పుకుంది. పిల్లలు చప్పట్లు కొట్టారు. ప్రవళిక మాత్రం నేల చూస్తూ కూర్చుంది.

గంట కొట్టాక శైలజ ఆమెను వరండాలోకి పిలిచింది. "ఇంక కోపమా బిడ్డా?"

"కోపం గాదు టీచర్. సున్న వెట్టాలని నాకు గప్పుడే తెల్సు."

"మరి చెప్పలేదేంది?"

"పెద్దసారు నిలవడ్డడు గద. మీ ఇజ్జత్ పోతదని ఊకున్న."