సోమవారాలు మాత్రమే వచ్చే జబ్బు

బోదిల్‌కి పట్టుకున్న జబ్బు సోమవారాలు మాత్రమే వచ్చేది. అప్పుడప్పుడు గురువారాలు కూడా. మిగిలిన రోజుల్లో అది ఎక్కడ కాపురముండేదో ఆమెకి అంతుపట్టలేదు.

వచ్చినప్పుడు ఎడమచేతి వేళ్ళ చివర్లు చిమచిమలాడేవి. చర్మం కింద చీమలు బారు తీరినట్టు ఉండేది. చెయ్యి విదిలిస్తే పోయేది. ఇంకెవరైనా అయితే దాని గురించి రెండోసారి ఆలోచించరు. కానీ బోదిల్ లేసు అల్లే మనిషి. అరవై ఒక్క ఏళ్ళ వయసులో యాభై ఏళ్ళు లేసు గుచ్చి అల్లే దిండు ముందే గడిచాయి. డెన్మార్క్‌లోని టోండర్ చుట్టుపక్కల పల్లెల్లో వంద దారపు కండెలు ఒక్కసారిగా ఆడించగలిగిన వాళ్ళు ఇప్పుడు వేళ్ళ మీద లెక్కపెట్టేంత మందే ఉన్నారు. వాళ్ళలో ఆమె ఒకతి. సాలెగూటి దారమంత సన్నటి దారం కాస్త వదులైనా ఆమె వేళ్ళకి ముందు తెలిసిపోతుంది, కళ్ళకి తర్వాత.

ఆమె భయానికి ఇంకో కారణం ఉంది. తల్లి మారెన్‌కీ ఇలాగే, ఈ వయసులోనే, వేళ్ళ చివర్లలోనే మొదలైంది. మొదట కండె జారింది. తర్వాత చెంచా జారింది. చివరికి మాట కూడా జారిపోయింది. తొమ్మిదేళ్ళు మంచంలో ఉండి చనిపోయింది మారెన్. ఆ తొమ్మిదేళ్ళూ అత్తగారిని రెండు చేతుల మీద ఎత్తి కుర్చీలో కూర్చోబెట్టి, మళ్ళీ ఎత్తి పడుకోబెట్టినవాడు బోదిల్ మొగుడు ఇవెర్. ఏనాడూ మొహం చిట్లించలేదు. అలాంటి మనిషికి, "ఇంకో తొమ్మిదేళ్ళు మోయాలి, ఈసారి నన్ను" అని ఏ నోటితో చెప్పాలి? అందుకే బోదిల్ చెప్పలేదు.

డాక్టరుకి మాత్రం చెప్పింది. ఆ అమ్మాయికి ముప్పై ఏళ్ళుంటాయేమో. శ్రద్ధగా విని, పెద్దాస్పత్రిలో నరాల పరీక్షకి రాసింది. ఏప్రిల్ మొదటి వారంలో తేదీ దొరికింది.

"ఈలోగా ఒక పుస్తకం పెట్టుకో బోదిల్. ఎప్పుడు వచ్చింది, ఎంతసేపుంది, అప్పుడేం చేస్తున్నావు, అన్నీ రాయి."

"సోమవారం వస్తుందని చెప్పాను కదా."

"సోమవారం మాత్రమే వచ్చే జబ్బు గురించి నేనైతే చదువుకోలేదు. అందుకే రాయమంటున్నా" అని నవ్వింది డాక్టరు.

బోదిల్‌కి నవ్వు రాలేదు. ఇంటికి వచ్చి, తల్లి వాడిన ఎముక కండెల పెట్టె తీసింది. అవి నాలుగు తరాల నాటివి, పట్టుకుని పట్టుకుని నున్నగా పాలరంగు తిరిగాయి. ఆ వారమే వాటిని తీసుకెళ్ళి శిష్యురాలు సన్నెకి ఇచ్చేసింది. "నా దగ్గర చాలా ఉన్నాయిలే, ఉంచుకో" అంది. కండెలేవని ఇవెర్ అడిగితే మెరుగు పెట్టించడానికి ఇచ్చానని అబద్ధం చెప్పింది. ముప్పై ఎనిమిదేళ్ళ కాపురంలో అంత చక్కగా కుదిరిన అబద్ధం ఆమె ఇంకోటి ఆడలేదు.

పుస్తకం మాత్రం ఒళ్ళు దగ్గర పెట్టుకుని రాసింది. లేసు అల్లే మనిషి కదా, చుక్కలు వరసగా పెడితే అందులో నమూనా కనిపించకుండా పోదు. రెండు నెలల కాగితాలు తిరగేసేసరికి కనిపించింది. సోమవారం ఆమె బట్టలుతికే రోజు. గురువారం పిల్లలకి లేసు నేర్పి, వాళ్ళు మురికి చేసిన ముక్కలు ఉతికే రోజు. చర్చిలో ఒక్కసారీ రాలేదు. బజారులో రాలేదు. దిండు ముందు కూర్చున్నప్పుడు కూడా రాలేదు. జబ్బు రోజుల్ని కాదు, చోటుని ఎంచుకుంటోంది. ఆ చోటు నేలమాళిగ.

బోదిల్‌కి అయిదు నెలల్లో మొదటిసారి భయం కంటే కుతూహలం ఎక్కువైంది.

మార్చి ఆఖరి వారం సోమవారం పొద్దున్న, ఎప్పటిలాగే మేజోళ్ళు విప్పేసి, గౌను అంచు దోపుకుని నేలమాళిగలోకి దిగింది. అక్కడి నేల ఎప్పుడూ తడిగానే ఉంటుంది. మిషన్ నీళ్ళు తూములోకి సగం, నేల మీదికి సగం పోతాయి. ముందు బకెట్‌లో చెయ్యి పెట్టి చూసింది. ఏమీ లేదు. సబ్బు పట్టుకుంది. లేదు. తడిబట్టలు పిండింది. లేదు. లోపల బట్టలు ఎంతదాకా వచ్చాయో చూద్దామని, తిరుగుతున్న మిషన్ తలుపు పక్కనున్న ఇనుప అంచు మీద చెయ్యేసింది. జివ్వుమంది.

చెయ్యి తీసింది, పోయింది. వేసింది, వచ్చింది.

"ఇవెర్! ఒకసారి కిందికి రా!"

ఇవెర్ పాల ట్యాంకరు నడిపి రిటైరైన మనిషి. కొత్తగా వచ్చిన తీరిక సమయమంతా సరిహద్దు అవతల కొనుగోళ్ళకే పెట్టాడు. జర్మనీలో చవగ్గా దొరుకుతుందంటే చాలు, బీరు డబ్బాలైనా మిఠాయిలైనా కారు వెనక ట్రైలరు కట్టాల్సిందే. ఈ బట్టల మిషన్ కూడా కిందటి అక్టోబరులో ఆ ట్రైలరు మీదే వచ్చింది. ఆ సంగతి ఊళ్ళో వినని వాళ్ళు లేరు, ఒక్కసారి విని తప్పించుకున్న వాళ్ళూ లేరు. మెట్ల పైన ఉండే చెక్కబూట్లలో కాళ్ళు దూర్చి, టకటకలాడించుకుంటూ దిగాడు.

"ఏంటలా కొంగలా నిలబడ్డావ్?"

"ఇక్కడ, ఈ అంచు పట్టుకో."

"ఎందుకూ? పారిపోతుందా?"

"పట్టుకోమన్నానా లేదా?"

పట్టుకున్నాడు. "ఆ, పట్టుకున్నా. ఇప్పుడేంటి, పాట పాడాలా?"

"ఏమీ అనిపించట్లేదా? వేళ్ళకి?"

"చల్లగా ఉంది. మంచి ఇనుము. చెప్పా కదా, జర్మనీ సరుకు."

అతని చెయ్యి పక్కనే తన చెయ్యి పెట్టింది బోదిల్. జివ్వుమంది. ఒకే ఇనుము, ఒకే అంచు, రెండు చేతుల మధ్య అంగుళం దూరం. ఆయనకి లేదు, తనకి ఉంది. పొద్దుట్నుంచీ పొంగుతున్న ఆశంతా పాల మీద చన్నీళ్ళు చల్లినట్టు దిగిపోయింది.

"ఈ మిషనంటే నీకు మొదట్నుంచీ పడదు" అన్నాడు ఇవెర్. "నేను తెచ్చానని. అదే మీ అన్నయ్య తెచ్చుంటే దీనికి ముద్దులు పెట్టేదానివి." తన హాస్యానికి తనే నవ్వుకుంటూ పైకి పోయాడు. బూట్లు పై మెట్టు మీద విడిచిన చప్పుడు వినిపించింది.

బోదిల్ కింది మెట్టు మీద కూలబడింది. అయితే ఇది మిషన్‌లో లేదు, నాలోనే ఉంది. మంచి నరాలకి తెలియనిది చెడిన నరాలకి తెలుస్తోంది. అమ్మకీ అంతే, గాలి తగిలినా ఒళ్ళు మండేది. ఇలా అనుకుంటూ కాసేపు ఏడ్చింది కూడా. ఈలోగా మిషన్ నీళ్ళు వదిలింది, పాదాలు మంచుముద్దలయ్యాయి. ఏడుపైనా కాళ్ళు వెచ్చగా ఉంటేనే సాగుతుంది. పైకెళ్ళి ఇవెర్ చెక్కబూట్లు తొడుక్కుని వచ్చి, ముక్కు చీదుకుంటూ బట్టలు తీయడానికి అంచు మీద చెయ్యేసింది.

ఏమీ రాలేదు.

కదలకుండా నిలబడింది. మళ్ళీ వేసింది. రాలేదు. మెల్లగా ఒక పాదం బూటులోంచి తీసి తడి నేల మీద ఆనించింది. జివ్వు. పాదం బూటులో పెట్టింది. లేదు. తీసింది. జివ్వు. ఏడుసార్లు చేసింది. ఏడుసార్లూ చీమలు చెప్పిన మాట విన్నట్టు వచ్చాయి, పోయాయి. నరాల జబ్బులకి చెక్కబూట్లు చూస్తే భయముండదు. బోదిల్ ఒంటరిగా, ఆ నీళ్ళలో, పగలబడి నవ్వింది.

"ఇవెర్! రా! మేజోళ్ళు కూడా విప్పి రా!"

"నీకు మతిగానీ పోయిందా ఏంటే?"

"అదే తేల్చుకుందాం, రా!"

గొణుక్కుంటూ దిగాడు. వట్టి కాళ్ళతో నీళ్ళలో నిలబడి, పాతపాటే కదా అన్నట్టు అంచు మీద అరచెయ్యి మొత్తం ఆనించాడు. మరుక్షణం, "వామ్మో!" అని వెనక్కి గెంతాడు. సబ్బు డబ్బా ఎగిరిపడింది. "ఇది... ఇది కరిచింది!"

"అయిదు నెలల్నించీ నన్ను కరుస్తోంది" అంది బోదిల్.

పక్కింటి ఆస్మస్‌ని పిలిచారు. అతను ఓడల్లో ముప్పై ఏళ్ళు కరెంటు పని చేసినవాడు. రై రొట్టె కేకు ఉందన్నారు గనక పది నిమిషాల్లో సంచీతో దిగాడు. మిషన్‌కేసి చూడనైనా లేదు. నేరుగా గోడ దగ్గరికెళ్ళి ప్లగ్గు లాగి, అరచేతిలో తిప్పి చూశాడు.

"ఇవెర్, ఇదెక్కడి ప్లగ్గు?"

"మిషన్‌తో వచ్చిందే. బ్రహ్మాండంగా పట్టింది. బిగుతుగా ఉంది, మిషన్ తిరుగుతోంది. ఇంకేం కావాలి?"

"అదే వచ్చిన చిక్కు. పట్టకపోయుంటే ఆ రోజే నన్ను పిలిచేవాడివి." ఆస్మస్ ప్లగ్గు పక్కలనున్న రెండు రేకుల్ని గోటితో కొట్టి చూపించాడు. "ఇదీ దీని ఎర్తు. జర్మనీ సాకెట్‌లో ఈ రేకులకి ఆనుకునే రేకులుంటాయి. మన సాకెట్ చూడు, ఎర్తుకి ఈ అరచందమామ రంధ్రం ఉంది. అందులోకి వెళ్ళే ముల్లు దీనికి లేదు. రెండు ముళ్ళూ దిగుతాయి, కరెంటొస్తుంది, ఎర్తు మాత్రం గాల్లో ఉంటుంది."

"లేకపోతే ఏమవుతుందిట?" ఇవెర్ గొంతులో ఇంకా బింకం ఉంది.

"ఇలాంటి మిషన్‌లోంచి రవ్వంత కరెంటు ఎప్పుడూ ఇనుములోకి జారుతూనే ఉంటుంది. ఎర్తుంటే అందులోకి పోతుంది, ఎవరికీ తెలీదు. లేదనుకో, దారి వెతుక్కుంటుంది. నువ్వు చెక్క మీద నిలబడ్డావు గనక నీలోంచి దారి దొరకలేదు. బోదిల్ తడి కాళ్ళతో నిలబడింది, ఆవిడలోంచి దొరికింది."

"రవ్వంతే కదా."

"ఇవాళ రవ్వంతే. అది మనిషినేం చెయ్యదు. రేపు లోపల ఒక తీగ ఊడి ఇనుముకి తగిలితే మొత్తం వస్తుంది." ఆస్మస్ అటూ ఇటూ చూసి మెట్ల పక్కనున్న కరెంటు పెట్టె మూత తీశాడు. "అప్పుడు కాపాడాల్సింది ఈ స్విచ్చి. లీకు పసిగట్టి రెప్పపాటులో పడిపోయి ఇంటి కరెంటంతా ఆపెయ్యాలి. బొత్తాం నొక్కి పరీక్షించుకోమంటారు కదా, ఏడాదికి రెండుసార్లు గడియారాలు గంట ముందుకో వెనక్కో మార్చే ఆదివారాల్లో. చివరిసారి ఎప్పుడు నొక్కావ్?"

ఇవెర్ తలెత్తి పైన వంటింటి కేసి చూశాడు.

"ఓవెన్ గడియారం పోతుందని నొక్కనివ్వడు" అంది బోదిల్. "మళ్ళీ టైము పెట్టుకోవడం ఈయనకి బద్ధకం."

ఆస్మస్ బొత్తాం నొక్కాడు. నెత్తి మీద బల్బు వెలుగుతూనే ఉంది. మళ్ళీ గట్టిగా నొక్కాడు. బల్బు అలాగే వెలుగుతోంది. ఆరకుండా వెలిగే దీపాన్ని చూసి ముగ్గురు మనుషులు అంత బెదిరిపోవడం ఆ ఇంట్లో అదే మొదటిసారి.

"బిగుసుకుపోయింది" అని మాత్రం అన్నాడు ఆస్మస్.

ఇవెర్ మెట్టు మీద కూర్చున్నాడు. "నేనే తెచ్చా" అన్నాడు. "నా చేతుల్తో నేనే తగిలించా."

ఆ మొహం చూశాక బోదిల్ ఇంక ఆగలేకపోయింది.

"ఇవెర్, నాకు జబ్బు లేదు."

"ఏం జబ్బు?"

చెప్పింది. వేళ్ళ సంగతి, డాక్టరు సంగతి, ఏప్రిల్ తేదీ, పుస్తకం, అన్నీ. ఆస్మస్ మర్యాదగా తలతిప్పుకుని తన సంచీలో లేని వస్తువేదో వెతికాడు. ఇవెర్ ఒక్కసారిగా తలెత్తాడు.

"ఆ ఎముక కండెలు..."

"మెరుగుకి కాదు. సన్నెకి ఇచ్చేశా."

"అయిదు నెలలు" అన్నాడు ఇవెర్. "అయిదు నెలలు నా పక్కనే పడుకుని, ఒక్కదానివీ మోశావు. మీ అమ్మని మోశానే, నిన్ను మోయననుకున్నావా?"

"మోస్తావనే చెప్పలేదు" అంది బోదిల్.

పట్నం నుంచి లైసెన్సున్న మనిషి వచ్చి ప్లగ్గు మార్చాడు, సాకెట్ ఎర్తు పరీక్షించాడు, కొత్త స్విచ్చి బిగించాడు. డాక్టరు పుస్తకం ఆఖరి పేజీ చదివి, చెక్కబూట్ల దగ్గర ఆగి, రెండోసారి చదివి, పరీక్ష అక్కర్లేదంది. సన్నె ఇంటికి బోదిల్ సిగ్గుతో చచ్చిపోతూ వెళ్ళింది. ఇచ్చినదాన్ని వెనక్కి అడగడం ఆమె వంశంలోనే లేదు. "నేను బతికే ఉంటానుట, అవి మళ్ళీ కావాలి" అంది గుమ్మంలోనే. సన్నె లోపలికెళ్ళి పెట్టె తెచ్చి చేతిలో పెట్టింది. తిరిగి అడుగుతుందని ముందే తెలిసినట్టు, అందులో ఒక్క కండెకీ దారం చుట్టి లేదు.

ఆ ఆదివారం గడియారాలు మార్చే రోజు. ఇవెర్ కేకు ఓవెన్‌లో ఉండగానే బొత్తాం నొక్కాడు. ఇల్లంతా చీకటైంది, కేకు చదునుగా కూలిపోయింది. బోదిల్ దాన్నే కోసి రెండు పళ్ళేల్లో పెట్టింది.

సోమవారం పొద్దున్న మేజోళ్ళు విప్పి నేలమాళిగలోకి దిగింది. మిషన్ తిరుగుతోంది. ఎదురుగా నిలబడిందే గానీ చెయ్యి ముందుకి సాగలేదు. అన్నీ తెలుసు, అయినా అయిదు నెలల భయం ఆ చేతిలోనే ఉండిపోయింది. ఇప్పుడు కూడా జివ్వుమంటే ఏం చెయ్యాలి?

వెనక మెట్ల మీద అడుగులు వినిపించాయి. చెక్కబూట్ల టకటక లేదు. ఇవెర్ ప్యాంటు మోకాళ్ళ దాకా మడిచి, తెల్లటి పాదాలతో నీళ్ళలోకి దిగాడు.

"జరుగు. ముందు నేను."

అరచెయ్యి అంచు మీద ఆనించి కళ్ళు గట్టిగా మూసుకున్నాడు. కాసేపటికి ఒక కన్ను తెరిచి తల అడ్డంగా ఊపాడు. అప్పుడు బోదిల్ తన ఎడమచెయ్యి అతని చేతి పక్కన పెట్టింది.

ఏమీ రాలేదు. నీళ్ళు చల్లగా ఉన్నాయని ఇవెర్ గొణిగాడు గానీ, చెయ్యి మాత్రం తియ్యలేదు.