వడియాలు తిన్న కమిటీ

మిరపకాయలు ఎండబెట్టడానికి యూనివర్సిటీ కనిపెట్టిన మిషన్‌ను ఈ లోకంలో వాడుకున్నది ఇప్పటిదాకా ఒక్క అహల్యే. అదీ వడియాలకు.

బీరువా అంత మిషన్ జనగామలోని ఆమె పెరట్లోకి రావడానికి కారణం ఉంది. యూనివర్సిటీ స్టోర్ రూమ్ వానకు కురుస్తుంది. తడి ఆర్చే మిషన్ తడిసి తుప్పు పడుతుందని ఆమె భర్త, ప్రొఫెసర్ జగపతి, దాన్ని ఇంటికి తోలించి, తాళంచెవి ఆమె చేతికిచ్చి, మళ్లీ దాని మొహం చూడలేదు. పేటెంటు కాగితంలో మాత్రం మొదటి పేరు ఆయనదే. నిజంగా చేసిన కవిత పేరు విస్తరిలో ఉప్పులా ఓ మూలన ఉంది.

కవిత కేసముద్రం దగ్గరి తండా పిల్ల. జగపతి దగ్గరే పీహెచ్‌డీ చేస్తోంది. కల్లంలో ఆరబోసిన మిర్చి వానకు తడిసి తెల్లబడితే తాలు అంటారు; దానికి సగం ధర కూడా పలకదు. తండ్రి భద్రు పంట అలా తాలైపోవడం చూసి ఆ పిల్ల ఈ మిషన్ చేసింది. మొక్కజొన్న కంకి ఒలిచాక మిగిలే మక్క బెండ్లు మండిస్తే చాలు, వేడిగాలి లోపల తిరిగి కాయను ఆరుస్తుంది. ట్రాక్టరు ట్రాలీలు చేసే చంద్రమౌళి, యూనివర్సిటీ ఒప్పుకుంటే వాటిని తయారుచేసి అమ్ముతానన్నాడు. ఒప్పుకోవడానికి ఒక కమిటీ వేశారు.

ఆ కమిటీ ఆ రోజు మిషన్ తనిఖీకి వచ్చింది. తనిఖీ అంటే నాటుకోడి కూర. పెరట్లో బురద ఉందని పెద్దమనుషులు వంటింటి కిటికీలోంచే మిషన్ వైపు చూసి, చేతులు కడుక్కుని కూర్చున్నారు. అహల్య కుర్చీలు వేసినా కవితా చంద్రమౌళీ గోడవారగానే నిలబడ్డారు.

"రైతు కల్లంల పరీక్ష చేసిన ఫలితాలేవమ్మా?" అన్నాడు చైర్మన్, బొక్క కొరుకుతూ.

"మిషన్ బయటికి తీయనిస్తలేరు సార్. అనుమతి కావాల్నంట" అంది కవిత.

"అవు మరి. అనుమతి కావాలె."

"ఎప్పుడిస్తరు సార్?"

"ఫలితాలొచ్చినంక."

జగపతి గంభీరంగా తలూపాడు. వేదం విన్నట్టు ఊగే ఆ తలను చూడలేక అహల్య కూరగిన్నె వైపు తిరిగింది.

కవిత ఫోన్ మోగింది. "నాయిన సార్. వాన మబ్బు కమ్మిందంట. కాయంత కల్లంలనే ఉన్నది."

"ఈ కాయ మీద నడిస్తెనే నేను చేస్త సార్" అన్నాడు చంద్రమౌళి. "లేకుంటె నా ట్రాలీలు నాకున్నయి. నాకెందుకీ పరేషాన్?"

చైర్మన్ వడియాల గిన్నె దగ్గరికి లాక్కున్నాడు. "మస్తున్నయమ్మా. వారం సంది ఎండ లేకపాయె, ఎట్ల ఎండినయి?"

"మీరు కిటికీల నుంచి చూసిన మిషన్లనే" అంది అహల్య. "మీరు నములుతున్నదే ఫలితం సార్. ఇంకొన్ని ఎయ్యాల్నా?"

కరకరలు ఆగాయి. చైర్మన్ నోట్లోది మింగాడు. "వడియమంటె తినే వస్తువు. దానికి వేరే కమిటీ ఉంటది."

"మిరపకాయ తినరా సార్?" అన్నాడు చంద్రమౌళి.

"వచ్చే మీటింగుల చూద్దాం."

కరకరలు మళ్లీ మొదలయ్యాయి. ఎంగిలి కంచాలు ఎత్తుతుంటే అహల్యకు ఎన్నడూ లేని రోత పుట్టింది. కంచాల మీద కాదు.

భోజనాలయ్యాక అందరూ హాల్లో ఫ్యాన్ కింద ఒరిగారు. అహల్య కవితను పెరట్లోకి పిలిచి తాళంచెవి చేతిలో పెట్టింది.

"మిషన్ ఏసుకపో బిడ్డా."

"సార్ నా పీహెచ్‌డీ ఆపుతడక్కా."

"మిషన్ నా పెరట్ల ఉన్నది. పోయిందని అడిగితె నన్నే అడగాలె. అడగాల్నంటె ముందుగాల పెరట్లకు రావాలె. పెండ్లయినకాంచి మీ సార్ ఇటు దిక్కు రాలే."

చంద్రమౌళి ట్రాలీ ఆటో తెచ్చాడు. లోపలి గురకల ముందు దాని చప్పుడు ఎవరికీ వినబడలేదు. నిద్ర లేచిన చైర్మన్ ఇంటికి జర వడియాలు కట్టియ్యమన్నాడు. కట్టిచ్చింది.

ఆ రాత్రి మొదలైన వాన ఓ పట్టాన వదల్లేదు. కవిత వీడియో పంపింది. భద్రు ఎర్రటి కాయ పట్టుకుని చెవి దగ్గర ఊపుతున్నాడు. గింజలు గలగలమంటున్నాయి. వెనక చంద్రమౌళి మిషన్ రేకుకు కొలతలు తీసుకుంటున్నాడు.

జగపతికి మాత్రం మిషన్ పోయిన సంగతి నాలుక చెప్పింది.

"ఏంది, వడియాలు మెత్తగున్నయి?"

"మిషన్ లేకపాయె. కేసముద్రం పోయింది."

ఆయన మొహం మాడిపోయింది. అహల్య వీడియో చూపించింది. ఆయన ఒకసారి చూశాడు. మళ్లీ చూశాడు. చెయ్యి తుడుచుకుని చైర్మన్‌కు ఫోన్ కలిపాడు.

"సార్, మన కల్లం పరీక్ష సక్సెస్. నేనే దగ్గరుండి చేపిచ్చిన." అవతలి మాట విని కడుపారా నవ్వాడు. ఫోన్ పెట్టేసి భార్య వైపు తిరిగాడు. "చంద్రమౌళికి అనుమతి కాగితం ఇస్తరట. కవితకు చెప్పు, నేను పోయి ఫోటో దిగేదాంక కాయలు బయటికి తీయొద్దని."

గిన్నెలో మిగిలిన మెత్తటి వడియాలన్నీ అహల్య ఆయన కంచంలోకి వంచింది.

"దగ్గరుండి చేపిచ్చిన్రు గద," అంది. "దగ్గరుండి తినుండ్రి."