కస్తూరమ్మ పేరున్న గ్లాసు

పెళ్ళైనప్పట్నుంచీ జగ్గారావు తాను తాగిన కాఫీ గ్లాసును కుళాయి దాకా మోసిన పాపాన పోలేదు. బీరువాలోని ఇత్తడి గ్లాసును మాత్రం ఆదివారం వచ్చిందంటే చింతపండుతో తోమి, తువ్వాలుతో తుడిచి, భార్య పట్టుచీరల మీద పడుకోబెడతాడు. పద్మకుమారికి సవతి లేని లోటు ఆ గ్లాసు తీర్చింది.

అది బర్మా యుద్ధం నాటిది. జగ్గారావు గాయపడి చేరిన సైనిక ఆసుపత్రి గుడారంలో పక్క మంచం మీది జవానుది. అతనికి దవడ పగిలి మాట రాదు. ఇంట్లో ఎవరున్నారని జగ్గారావు అడిగితే, గ్లాసు మీద చుక్కలతో కొట్టించిన ‘కస్తూరమ్మ’ అన్న పేరు మీద వేలు పెట్టాడు. తర్వాత గ్లాసు మిగిలింది, మనిషి మిగల్లేదు. కస్తూరమ్మ అతని భార్యేనని జగ్గారావు తేల్చేసుకున్నాడు. యుద్ధం ముగిసి పదిహేనేళ్ళు దాటినా, ఆ గ్లాసు ఆ జవాను వాళ్ళ చేతిలో పెట్టందే జగ్గారావుకు స్థిమితం లేదు.

"బారిడీహ్‌లో మన తెలుగోళ్ళల్లో ఓ కస్తూరమ్మ ఉంది గానీ, ఆవిడ మొగుడు ఉక్కు కంపినీలో పన్జేసి ఇంట్లోనే పోనాడు. ఈవిడ కాదు," అన్నాడు జగ్గారావు ఆ ఆదివారం కూడా.

"మన పెళ్ళి గిన్నెలన్నిటి మీదా మీ మేనత్త పేరుంది. ఆవిణ్ణి గానీ కట్టుకున్నారేటి?" అంది పద్మకుమారి, బియ్యంలో రాళ్ళేరుతూ.

జగ్గారావు వంటింటి అలమర వైపు చూశాడు. చదివింపుల గిన్నె మీద ఉండేది ఇచ్చినవాళ్ళ పేరు. చొక్కా వేసుకున్నాడు.

బారిడీహ్‌లో కస్తూరమ్మ, భార్యాభర్తలిద్దరూ తెచ్చిన గ్లాసును తిప్పి తిప్పి చూసింది.

"మా అక్క కొడుకు సూర్యానికి ఆడి పెళ్ళిలో నానే సదివించినాను. తల్లి పోతే పెంచినాను గదా. మిలట్రీకెల్లిపోనాక గ్లాసేదని ఆడి పెళ్ళాన్నడిగితే, ఇంట్లో నేదంది. సారా కొట్లో అమ్మేసుంటాడని అందరికీ సెప్పినాను. మీకే కొట్లో దొరికినాదేటి?"

"సూర్యానికి పిల్లలున్నారా?" అన్నాడు జగ్గారావు, గ్లాసును మళ్ళీ చేతిలోకి తీసుకుంటూ.

"ఒక్కర్తే, జానకి. భుయ్యాడీహ్‌లో కాపరం. తండ్రి మొకం ఎరగదు. ఈ గ్లాసు మీదే మాకు మాటల్నేవు. ఆ గుమ్మం నాను తొక్కను."

"తొక్కొద్దు పెద్దమ్మా. దారి చూపించి రిక్షాలోనే కూర్చోండి," అంది పద్మకుమారి, ముసలావిడకు చెయ్యందిస్తూ. రిక్షాలో కూర్చుని చూసే ఓపిక ఈవిడకు ఉండదని ఆమెకు తెలుసు.

జానకి పిండి చేతులతోనే తలుపు తీసి, "ఆయియే" అని హిందీలో లోపలికి పిలిచింది. కొంగుకు చేతులు తుడుచుకుని, జగ్గారావు చెప్పిందంతా నిలబడే విని, గ్లాసును రెండు చేతులా అందుకుంది.

"నాన్న దీంతోనే నీళ్ళు తాగీవోడా, బాబూ?"

"ఆఖరి దాకా. తలగడ కిందే ఉండీది. ఇంకెవర్నీ ముట్టనిచ్చీవోడు కాదు. మీవోళ్ళెవరని అడిగితే ఈ పేరే సూపించినాడు."

గుమ్మంలో కస్తూరమ్మ ఎప్పుడు దిగి వచ్చిందో, తలుపు చెక్క పట్టుకుని నిలబడి ఉంది. జానకి పక్కకు జరిగి దారి ఇచ్చింది. ముసలావిడ లోపలికి వచ్చి, ఆ పేరు మీద వేలు పెట్టి తడిమింది.

"ఆడు అమ్మనేదే, జానకీ," అంది. "నానే తప్పు కూసినాను."