పిల్లకి అత్తగారి పేరు

తన కూతురికి, ఈమధ్యే పోయిన తమ తల్లి అప్పాయమ్మ పేరు పెడతానని ప్రేమరాజు అన్నప్పుడు, ఎదురు చెప్పే పని అతని అక్క ఎస్తేరమ్మ మీద పడింది.

ఎస్తేరమ్మకి ఇరవయ్యెనిమిదేళ్ళు. కొయ్యూరులో నర్సు. శనివారం మధ్యాహ్నం బస్సెక్కి నర్సీపట్నంలో తమ్ముడింటికి వచ్చి, ఆదివారం చర్చికి వెళ్ళి, సోమవారం మొదటి బస్సుకి తిరిగి డ్యూటీకి పోయేది. ఆ శనివారం చెప్పులు విప్పగానే మరదలు లీల ఆమెని వంటింట్లోకి తీసుకెళ్ళింది.

"వదినా, వచ్చే ఆదివారం చర్చిలో పిల్లకి పేరు పెడతారు. మీ తమ్ముడు అత్తమ్మ పేరే పెట్టాలంటన్నారు. మా అమ్మ ఎస్.రాయవరం నుంచి శైలజ అని రాసి పంపింది. నాకూ అదే ఇష్టం. నేను సెప్తే ఆరికి కోపం. నువ్వు సెప్పు."

"నీకు అమ్మ పేరంటే ఎందుకు వద్దు?"

"అత్తగారి పేరు పెట్టుకుంటే పిల్లని కసురుకోగలనా వదినా? అప్పాయమ్మా, వీపు పగిలిపోద్ది అంటే వినేవోళ్ళు ఏటనుకుంటారు?"

ఎస్తేరమ్మకి నవ్వొచ్చింది. అయితే ఆమె కారణం వేరే. అది ఆమె సొంత అనుభవం.

ఆమెకి తాతమ్మ పేరు పెట్టారు. బళ్ళో పక్కనున్నవాళ్ళంతా విజయలూ సరోజలూ అయితే, ఆమె ఒక్కతే ఎస్తేరమ్మ. నర్సు ట్రైనింగులో తోటి పిల్లలు మామ్మగారూ అని పిలిచేవారు. ఉద్యోగం ఇంటర్వ్యూలో పేరు పిలిచిన గుమస్తా, లేచి నిలబడ్డ ఈమెని వదిలేసి వెనక ముసలావిడ ఎవరైనా ఉందేమోనని చూశాడు. ఒక సంబంధం వాళ్ళయితే, అమ్మాయి అసలు వయసెంతో నిజం చెప్పమని ఉత్తరం రాశారు. ఆ సంబంధం అక్కడితో ఆగింది.

సాయంత్రం ప్రేమరాజు లారీల షెడ్డు నుంచి వచ్చాడు. పెరట్లో కిరసనాయిలుతో చేతుల గ్రీజు తుడుచుకుంటుంటే ఎస్తేరమ్మ అక్కడికే వెళ్ళి, ఇవన్నీ ఒక్కొక్కటీ చెప్పింది.

"కొయ్యూరులో నెలల పిల్లలకి సింహాద్రమ్మ, కామమ్మ అని రోజూ రిజిస్టర్లో రాస్తాను. అక్కడ ఎవరూ నవ్వరు. అందరికీ అలాంటి పేర్లే. నలుగురిలో ఒక్కర్తికే ఉంటేనే కష్టం. నేను పడ్డాను తమ్ముడూ. నీ కూతురు పడొద్దు."

"అమ్మ పేరు సెప్పుకోడానికి సిగ్గేటక్కా?"

"సిగ్గు కాదు."

ప్రేమరాజు గుడ్డ పక్కన పడేశాడు.

"అమ్మని అప్పాయమ్మా అని ఎవరైనా పిలవగా నువ్వు ఇన్నావా? ఆసుపత్రిలో ముప్ఫయ్యేళ్ళు దుప్పట్లు ఉతికింది. డాక్టర్లకీ, రోగులకీ ఆయమ్మే. ఈదిలో ప్రేమరాజు ఆళ్ళమ్మ. నాన్న ఏయ్ అనీవోడు. మొన్న సమాధి కాడ పాస్టరు గారు అప్పాయమ్మ అని సదివితే, పక్కింటాయన నా సెయ్యి పట్టుకుని, అప్పాయమ్మంటే ఎవరయ్యా, మీ అమ్మేనా అనడిగాడు. ఇరవయ్యేళ్ళు పక్కింట్లో ఉన్నోడు!"

చావు కబురు అందుకుని ఎస్తేరమ్మ వచ్చేసరికే సమాధి అయిపోయింది. ఈ సంగతి ఆమెకి తెలీదు.

"పోనీ, నీ పేరు గలావిడ ఎవరో తెలుసా నీకు?" అన్నాడు ప్రేమరాజు.

"నాన్నకి నాయనమ్మ. అంతే తెలుసు."

"నా పిల్ల అలా అనకూడదు. నేను సెప్తాను దానికి."

పిల్లనెత్తుకుని గుమ్మంలో నిలబడి లీల అంతా విన్నది. అత్తగారు తన కాన్పు దాకా బతికుంటే బాగుండునని చాలాసార్లు అనుకుంది గానీ, పక్కింటాయన మాట ఆమెకీ కొత్తే. కాసేపటికి బయటికొచ్చింది.

"పెట్టండి. కానీ ఒక మాట. పేరు అప్పాయమ్మని పెట్టి ఇంట్లో బుజ్జీ, చిన్నీ అనకూడదు. అప్పాయమ్మా అనే పిలవాలి. కోపమొస్తే నేనూ ఆ పేరుతోనే తిడతాను. అప్పుడు మీరేటీ అనకూడదు."

"తిట్టుకో," అన్నాడు ప్రేమరాజు.

"మీ ఇద్దరిష్టం," అంది ఎస్తేరమ్మ. ఆమెకి ఇంకా ఇష్టం లేదు. పేరు పెట్టే ఆదివారం పాస్టరు గారు అప్పాయమ్మ అనగానే వెనక వరసలో ఎవరో కిసుక్కుమన్నారు. ఆమె అటు తిరిగి చూసింది. నవ్వినామె తల దించుకుంది.

ఇది 1979లో మాట. 1985 జూన్‌లో పిల్లని బళ్ళో వేశారు. రిజిస్టరు రాసే మేష్టారు పెన్ను ఆపి, "అపర్ణ అని రాయనా? తరవాత మార్చాలంటే కష్టం," అన్నాడు. ప్రేమరాజు తటపటాయించాడు. ఆయన చెప్పిన పేరు వినడానికి బాగుంది. కూతురు నలుగురిలో నలిగిపోతుందేమోనని మొదటిసారి అతనికి భయమేసింది. లీల మాత్రం, "అప్పాయమ్మనే రాయండి," అంది.

ఎస్తేరమ్మ అన్నట్టే పిల్లలు నవ్వారు. జులైలో ఒక శనివారం ఆమె వచ్చేసరికి అప్పాయమ్మ పలక పక్కనపెట్టి ఏడుస్తోంది.

"నన్ను ముసిల్దాన్నంటన్నారత్తా."

ముందే చెప్పానని ఎస్తేరమ్మ అనలేదు. పిల్లని ఒళ్ళో కూర్చోబెట్టుకుంది.

"పేరు మార్చేద్దామా?"

పిల్ల ఆలోచించింది. "ఆ అప్పాయమ్మకి దెబ్బలాడ్డం వొచ్చా?"

"వచ్చా ఏంటి! ఒకసారి జీతం రోజున కాంపౌండరు ఆవిడని నిలబెట్టి, ఆయమ్మా, దుప్పటి చిరిగింది నీ వల్లే అన్నాడు. మీ నాయనమ్మ ఆ దుప్పటి తీసుకెళ్ళి పెద్ద డాక్టరమ్మ బల్ల మీద పరిచింది. ఇది ఉతికితే చిరిగిందా, ఎలక కొరికిందా, నువ్వే సెప్పమ్మా అంది."

"అప్పుడు?"

"ఎలకే."

పిల్ల నవ్వింది. ఇంకోటి చెప్పమంది. లీల అన్నానికి పిలిచేదాకా ఎస్తేరమ్మ చెబుతూనే ఉంది. తల్లి గురించి ఇన్ని సంగతులు తనకి గుర్తున్నాయని ఆమెకే తెలీదు.

బళ్ళో నవ్వడం దసరా సెలవుల దాకా సాగింది. తరవాత వాళ్ళకే విసుగొచ్చి మానేశారు. పేరు మారలేదు.