బీరన్న చెవి తమ్మె

మోమిన్‌పేట్ పక్క ఊళ్లో గొర్లు కాచే బీరన్నకు రెండు చెవులకూ బంగారు పోగులుండేవి. ఒకనాడు ఉన్ని కత్తిరిస్తుంటే పొట్టేలు తల విదిలించింది. కుడి పోగు దాని కొమ్ముకు తగులుకుని చెవి తమ్మె రెండుగా చీలింది. పుండు మానింది గానీ తమ్మె అతకలేదు, పాము నాలుకలా రెండు పాయలై వేలాడింది.

మూడేళ్లు బీరన్న దాన్ని పట్టించుకోలేదు. పంతొమ్మిది వందల అరవై ఒకటిలో కులపోళ్లంతా కూడి ఆయనను పెద్దమనిషిని చేశారు. అప్పటినుంచి ఒంటి పోగుతో పంచాయతీలో కూర్చోవడమంటే, ఒక కాలికే చెప్పు తొడుక్కుని పెళ్లికి పోయినట్టు అనిపించసాగింది.

వికారాబాద్‌లో ఏసుదాసు అనే డాక్టరు చీలిన చెవులు కుడతాడని సంతలో ఎవరో చెప్పారు. భార్య బుగ్గమ్మను తోడు తీసుకుని బీరన్న బస్సెక్కాడు. డాక్టరు సూది మందు వేసి, పాయల అంచులు సన్నగా చెక్కి, ఐదు కుట్లు వేశాడు. పది రోజులకు కుట్లు తీస్తే తమ్మె చక్కగా అతుక్కుని ఉంది. కాకపోతే మచ్చ శనగ గింజలా గట్టిగా, ఎర్రగా ఉంది. బీరన్న అద్దంలో చూసుకుని మళ్లీ కుట్టమన్నాడు.

మచ్చ మొదట గట్టిపడుతుందని, ఏడాదికి మెత్తబడుతుందని, అప్పటికీ వంకర మిగిలితే సరిచేద్దామని, అందాకా పోగు మాట ఎత్తొద్దని డాక్టరు ఓపికగా చెప్పాడు. నెల గడిచాక పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి కొబ్బరినూనెతో మెల్లగా రుద్దమన్నాడు.

బీరన్న దారి పొడుగునా లెక్క వేశాడు. రోజుకు రెండుసార్లు రుద్దితే ఏడాది పడుతుంది కదా, ఇరవైసార్లు రుద్దితే నెల చిల్లరలో అయిపోవాలి. నెల తిరగగానే గొర్లు తోలుతూ రుద్దాడు, అంబలి తాగుతూ రుద్దాడు, మాట్లాడుతూ రుద్దాడు. వారానికి చెవి బూరెలా పొంగింది. బుగ్గమ్మ తిట్టి మళ్లీ బస్సెక్కించింది.

డాక్టరు చూసి తల పట్టుకున్నాడు. “బీరన్నా, చెవి గొర్రె గాదు, తోలితే ఉరికేటందుకు,” అన్నాడు.

వాపు తగ్గింది. బీరన్న రుద్దడం రెండుసార్లకే తగ్గించాడు గానీ చెయ్యి దారి మరిగింది. ఏదైనా ఆలోచన వస్తే చాలు, వేళ్లు వాటంతటవే తమ్మెను పట్టుకునేవి.

ఆ రోజుల్లోనే తాండూరు వైపునుంచి పిలుపు వచ్చింది. దేవప్ప, ఈరయ్య అనే అన్నదమ్ములకు తండ్రి విడిచిపోయిన గొంగడి ఎవరిదన్న దగ్గర జగడం. రెండేళ్లుగా మాటల్లేవు. ఇద్దరూ ఒక్కసారే మొదలుపెట్టేసరికి బీరన్నకు తలా తోకా అర్థం కాలేదు. ఏం చెప్పాలో తోచక, చెవి పట్టుకుని దేవప్ప వైపే చూస్తూ కూర్చున్నాడు.

దేవప్ప మాట్లాడుతూ మాట్లాడుతూ ఆగిపోయాడు. పెద్దమనిషి తనను చెవులు పట్టుకోమంటున్నాడని అనుకున్నాడు. మెల్లగా రెండు చెవులూ పట్టుకున్నాడు.

“తప్పు నాదే తమ్మీ. గొంగడి నువ్వే కప్పుకో.”

ఈరయ్య కూడా చెవులు పట్టుకున్నాడు. “నాది గూడ తప్పే అన్నా. పెద్దోనివి, నువ్వే కప్పుకో.”

నువ్వంటే నువ్వని మళ్లీ గొంతులు లేచేలోపు బీరన్న గబగబా కండువా దులుపుకుని లేచాడు. ఒక్క మాట మాట్లాడకుండా పంచాయతీ తెంపిన మనిషని ఆయన పేరు కొడంగల్ దాకా పాకింది. వారానికో పిలుపు రాసాగింది.

ఏడాది నిండాక డాక్టరు మచ్చను నొక్కి చూశాడు. మెత్తబడి తెల్లదారంలా ఉంది. అంచున మాత్రం గోటితో గిల్లినట్టు చిన్న నొక్కు. కావాలంటే దాన్ని సరిచేసి, తర్వాత మచ్చకు పక్కగా పోగుకు కొత్తగా కన్నం పొడుస్తానన్నాడు. ఎన్ని రోజులు ముట్టుకోవద్దని బీరన్న అడిగాడు. ఎంత లేదన్నా పదిహేను రోజులన్నాడు డాక్టరు.

బీరన్న ముఖం వాడిపోయింది. “గట్లయితే నొక్కు ఉండనీ సారు. శుక్రవారం కొడంగల్ పోయేదుంది.”

డాక్టరు అర్థం కాక బుగ్గమ్మ వైపు చూశాడు.

“ఆయన చెవులు ఇనేటందుకు గావు సారు,” అంది బుగ్గమ్మ, “తీర్పు చెప్పేటందుకు.”

శుక్రవారం బీరన్న ఒంటి పోగుతోనే కొడంగల్ పోయాడు. అక్కడి జగడం అత్తాకోడళ్లది. ఆయన మధ్యాహ్నం దాకా చెవి పట్టుకుని కూర్చున్నా ఇద్దరిలో ఎవరి చెయ్యీ పైకి లేవలేదు. చివరికి నోరు తెరిచి మాట్లాడక తప్పలేదు.