తెర పక్క కుర్చీ

"గొంతు తగ్గించు ఊనా, ఆవులు బెదురుతున్నాయి" అన్నాడు నాన్న.

అమ్మ రొట్టెపిండి కలుపుతూ నాటకంలో మాటలు పైకి అనుకుంటోంది. ఠక్కున ఆపేసింది. సోడా రొట్టె పిండిని మెల్లగా కలపాలని నాకు నేర్పింది తనే. ఆ రోజు మాత్రం పిసికి పిసికి పెట్టింది. రొట్టె రాయిలా వచ్చింది. ఎందుకలా అయిందని ఎవరూ అడగలేదు.

పెళ్ళికి ముందు అమ్మ డబ్లిన్‌లో పేరున్న రంగస్థల నటి. రెండు సినిమాల్లో కూడా నటించింది. ఐర్లండ్ పడమటి కొసన మాయోలోని మా పల్లెకు కోడలిగా వచ్చాక ఆ సంగతి ఎవరైనా ఎత్తితే నాన్న వాన గురించి మాట్లాడేవాడు. నాన్నమ్మ మాత్రం తనే ఎత్తేది. "పరాయి మగాడి భుజం మీద పడి ఏడ్చిందమ్మా ఆ సినిమాలో. సిగ్గుతో చచ్చాను. రెండోసారి చూసినప్పుడూ అంతే."

ఈస్టర్ ముందు ఉపవాస దినాల్లో మా వైపు డాన్సు హాళ్ళు మూసేస్తారు. అందుకే ఊరూరా నాటకాల పోటీలు. మా చర్చి ఫాదర్ కోల్మన్ వచ్చి అమ్మ సాయం అడిగితే, జనానికి కనబడకుండా తెర పక్క కుర్చీలో కూర్చుని, మర్చిపోయినవాళ్ళకు మాట అందిస్తానంటే అభ్యంతరం లేదన్నాడు నాన్న. అలా ఆ కుర్చీ అమ్మదయింది. నిజానికి ప్రతివాళ్ళకూ నడక దగ్గర్నుంచి నేర్పింది అమ్మే. దుస్తులు కుట్టింది, అందరికీ టీ కాచింది. పోస్టర్‌లో దర్శకుడు ఫాదర్ కోల్మన్. పోలీసు సార్జెంటు భార్య అట్రాక్టా కథానాయిక, కొడుకు సముద్రంలో పోయిన తల్లి వేషం. నాది పనిమనిషి వేషం, ట్రే పెట్టి వెళ్ళిపోవడమే. మాటల్లేవు కాబట్టే ఒప్పుకున్నాను.

రిహార్సల్లో ఒకరోజు అమ్మ బదులు నేను కూర్చున్నాను. అట్రాక్టా మధ్యలో ఆగితే కంగారుగా మాట అందించాను. "నాకు తెలుసులేవే తల్లీ, ఏడవబోతున్నాను, ఏడవనీ" అందావిడ. అందరూ నవ్వారు. నా చెవులు వేడెక్కిపోయాయి. ఇంటికి నడుస్తూ అమ్మ చెప్పింది. "మర్చిపోయిన మనిషి కళ్ళు వెతుకుతాయి సోర్చా. కావాలని ఆగిన మనిషి కళ్ళు వెతకవు. అది చూసుకోకుండా అందిస్తే, వాళ్ళ మాట నువ్వు లాక్కున్నట్టే."

పోటీకి న్యాయనిర్ణేతగా వస్తున్నది అమ్మ పాత దర్శకుడు టిర్నీ అని తెలిసింది. ఈస్టర్ తర్వాత డబ్లిన్‌లో వేసే నాటకంలో అమ్మకు వేషం ఉందని ఫాదర్ ద్వారా కబురు కూడా పెట్టాడు. భోజనాల దగ్గర నాన్న, ఆవిడకి కుదరదని ఫాదర్‌తో చెప్పేశానన్నాడు. నీకు శ్రమెందుకని నేనే చెప్పాను, అని అమ్మతో అన్నాడు. అమ్మ ఏమైనా అంటుందని ఎదురుచూశాను. ఆయన పళ్ళెంలో ఇంకో బంగాళదుంప వేసింది. నాకు అమ్మమీదే కోపమొచ్చింది. తను వెళ్తే ఆ వంటిల్లు నా మీద పడుతుందని భయం. వెళ్ళకపోతే ఎప్పటికైనా అది నాదేనని అంతకంటే భయం. ఈ రెండో భయాన్ని ఎవరికి చెప్పుకోవాలో తెలియలేదు.

పోటీ రోజు హాలంతా తడి కోట్ల వాసన. నాన్న, నాన్నమ్మ ముందు వరసలో కూర్చున్నారు. మూడో అంకంలో అట్రాక్టా కళ్ళు వెతకడం మొదలుపెట్టాయి. అమ్మ మెల్లగా మాట అందించింది. అందుకోలేదు. మళ్ళీ అందించింది. ఆవిడ నోరు తెరుచుకుని అలాగే నిలబడిపోయింది. అప్పుడు అమ్మ ఆపలేదు. కొడుకును సముద్రం మింగిన తల్లి మాటలన్నీ తెర పక్క చీకట్లోంచి వచ్చాయి. ఆ గొంతు మా వంటింట్లో ఎన్నడూ పట్టలేదు. హాల్లో ఒక్కరూ దగ్గలేదు.

నాటకం అయ్యాక న్యాయనిర్ణేత స్టేజీ ఎక్కి అందరి ముందే ఒక్కొక్కరి నటననూ విప్పి చెప్పడం ఆనవాయితీ. టిర్నీ ఎవరి గురించీ చెప్పలేదు. "ఇవాళ్టి నటిని నేను చూడలేదు, విన్నాను. ఒకసారి బయటికి రమ్మనండి" అన్నాడు. ముందు వరసలోంచి నాన్న వద్దని తల ఊపాడు. అమ్మ వచ్చింది. ఒంటి మీద ఏప్రన్, చేతిలో అందరికీ పోయబోతున్న టీ పాత్ర.

"ఊనా, వేషం నీకోసమే ఉంచాను. కుదరదన్నావట. అది నీ నోటితో వినాలి."

అమ్మ మాట్లాడలేదు. ఎంతసేపో. నాన్న లేచి నిలబడ్డాడు. "ఆవిడకి ఇంట్లో పని ఉందండీ" అన్నాడు. వెనక ఎవరో నవ్వారు. నేను అమ్మ కళ్ళలోకి చూశాను. అవి దేనికోసమూ వెతకడం లేదు.

అమ్మ స్టేజీ అంచుకు వచ్చి, వంగి, టీ పాత్రను నాన్న చేతికిచ్చింది. కాలుతుండడంతో ఆయన రెండు చేతులా పట్టుకోక తప్పలేదు.

"మర్చిపోలేదు ఫెస్టస్, ఆగానంతే" అంది నాన్నతో. తర్వాత టిర్నీ వైపు తిరిగి, చివరి బెంచీకి వినబడేలా, వస్తున్నానంది.