దుప్పుల మడి

నాకు కోపం ముక్కు మీదుంటుందని ఊరందరికీ తెలుసు. సిగ్గు ఎక్కడుంటుందో మాత్రం సకల జనుల సమ్మె దాకా నాకే తెలియదు. దుప్పుల్ని కాపాడినవాడు కుమారస్వామి అని నా గురించి ఊళ్ళో ఇప్పటికీ చెప్పుకుంటారు. ఆ మాట విన్నప్పుడల్లా లేచి అవతలికి పోతాను. అసలు జరిగింది ఇది.

మాది చిట్యాలకు అవతల, అడవి అంచున ఉన్న ఊరు. ఊరికీ అడవికీ మధ్య బంచరాయి ఉంది, అంటే పశువులు మేసే ఉమ్మడి భూమి. దుప్పులు దాన్ని దాటి మా చేల మీద పడేవి. పెసర, పల్లి ఏదీ మిగలనిచ్చేవి కాదు. కడుపు మండి మేము చేల చుట్టూ కరెంటు తీగలు కట్టాం. ఒక్క వానాకాలంలో నాలుగు దుప్పులు చచ్చాయి. ఆ తర్వాత తండాలో ఉండే లంబాడీ రైతు దస్రు ఎద్దు కూడా తీగకు తగిలి చచ్చింది.

దస్రు నా ఈడువాడు. ఇంకొకడైతే ఎద్దు కోసం నానా గొడవ చేసేవాడు. అతను పంచాయతీలో నిలబడి ఎవరూ ఊహించని మాట అన్నాడు.

"తీగలు తీసెయ్యుండ్రి. బంచరాయిల అడివి దిక్కు నాకు నాలుగు గుంటల జాగ ఇయ్యిండ్రి. దుప్పులకు ఆడనే మేత వేస్త. కడుపు నిండినంక అవి మీ చేలల్లకు ఎందుకొస్తయ్?"

"ఓరి నీ! దుప్పులకు దావతు ఇస్తడట!" అని ఎవడో అన్నాడు. అందరూ విరగబడి నవ్వారు. నాకు ఒళ్ళు మండింది. లేచి బల్ల గుద్దాను.

"నవ్వుడు బందు చెయ్యిండ్రి! తీగలు తీసేద్దాం. ఆ జాగల్లకు ఎవ్వడు పశువుల తోలొద్దు. దుప్పి మీద చెయ్యేసినోడు నాకు జవాబు చెప్పాలె. గిది నా మాట."

నా మాటకు అప్పట్లో ఊళ్ళో విలువుండేది. వారంలో తీగలన్నీ పోయాయి. దస్రు నా రెండు చేతులూ పట్టుకున్నాడు. "కుమారన్నా, నీ మాట మీదనే విత్తనం పెడుతున్న" అన్నాడు.

దస్రూ అతని భార్య రుక్కీ కలిసి గుంటకొకటి చొప్పున నాలుగు మడులు చేశారు. ఉలవలు, బొబ్బర్లు, పిల్లిపెసర చల్లారు. చుట్టూ తుమ్మకంప పేర్చారు. మొక్క మోకాలెత్తు వచ్చాక రోజూ పశువులు ఇళ్ళకు మళ్ళిన తర్వాత, పొద్దు గూకే వేళ, దస్రు ఒక్క మడికి మాత్రం కంప తీసేవాడు. తీసి, "ఆవ్... ఆవ్..." అని వాళ్ళ భాషలో రమ్మని పిలిచేవాడు. పొద్దున్నే మళ్ళీ కంప పెట్టేవాడు. ఆ మడి మేసేస్తే దాన్ని మూసి ఇంకొకటి తెరిచేవాడు. మేసింది మళ్ళీ చిగురు పెట్టేది. రెండో ఏడాదికి మా చేలల్లో దుప్పి అడుగు కనబడలేదు. నేను కూడా అప్పుడప్పుడూ పోయి దస్రు పక్కన కూర్చునేవాణ్ణి. దుప్పులు నన్ను చూసి చెవులు నిక్కించేవి, తర్వాత వాటి మేతలో అవి పడేవి. నాకెంత గర్వంగా ఉండేదో!

అంతలో తెలంగాణ కోసం సకల జనుల సమ్మె మొదలైంది. బళ్ళు బందు, బస్సులు బందు, ఆఫీసులు బందు. సమ్మె నడిపే ఊరి జేఏసీకి నేనే కన్వీనర్ని. రోడ్డు మీద వంటావార్పు పెట్టాలని పిలుపు వచ్చింది. నడిరోడ్డు మీద పొయ్యిలు పెట్టి, వండి, అక్కడే కూర్చుని తిని, బండ్లు కదలనివ్వకుండా చేయడమన్న మాట. చుట్టుపక్కల ఊళ్ళలో పప్పు, పచ్చిపులుసుతో కానిచ్చారు. నా నోరు ఊరుకుంటుందా? మండలం మీటింగులో మైకు పట్టుకుని, "మా ఊర్ల మూడొందల మందికి మాంసం పెడ్తం!" అని అరిచాను. చప్పట్లు మోగిపోయాయి. నేను పొంగిపోయాను.

వంటావార్పుకు ముందురోజు మధ్యాహ్నం మహేశ్ వచ్చాడు. వంటల బాధ్యత అతనిదే.

"అన్నా, రెండే మేకలు దొరికినయ్. నూరుమందికి గుడ సాలయి. సంత బందైంది, తెద్దామంటే బండి లేదు. ఏం జెయ్యాలె?"

"గిప్పుడా చెప్పేది? రేపు నా మొఖం ఏడ పెట్టుకోవాలె!" అని వాడి మీద విరుచుకుపడ్డాను. వాడు తల గోక్కుని, అటూ ఇటూ చూసి, గొంతు తగ్గించాడు.

"దస్రు మడి కాడికైతే పది పన్నెండు దుప్పులు వస్తయ్ గదనే."

అప్పుడే వాడి చెంప పగలగొట్టాల్సింది. చీటికీ మాటికీ లేచే ఈ చెయ్యి ఆ పూట లేవలేదు. పైగా నా నోటి నుంచి వచ్చిన మాటేమిటో తెలుసా? "ఎవ్వరికి తెల్వకుంట అయితదా?" అని అడిగాను.

ఆ రోజు దస్రు ఊళ్ళో లేడు. చిట్యాలలో రిలే నిరాహార దీక్షకు నేనే పంపాను. పొద్దున పోతూ పోతూ మా గడపలో నిలబడి, "రుక్కి తల్లిగారింటికి పోయింది. పొద్దు గూకంగ కంప జర నువ్వే తియ్యి అన్నా. అవి ఎదురుచూస్తయ్" అని చెప్పి మరీ పోయాడు.

నేను పోయాను. కంప తీశాను. మహేశ్ ఇద్దరు మనుషులతో, వలతో మోదుగు పొద వెనక కూర్చున్నాడు. అడవి అంచు చెట్ల దగ్గరే దుప్పులు ఆగిపోయాయి. దస్రు కాదని తెలిసినట్టుంది. "ఆవ్... ఆవ్..." అని పిలిచాను, అచ్చం అతనిలాగే, గొంతు మెత్తగా చేసి. అవి వచ్చాయి. రెండు దుప్పులు వలలో చిక్కుకున్నాయి. ఒకటి నా కాళ్ళ దగ్గరే పడి అరిచింది, దాన్ని కదలకుండా పట్టుకున్నది నేనే. మిగతావి కొంచెం దూరం పోయి, నిలబడి, నన్నే చూశాయి.

ఇంటికి రాగానే నా భార్య బాలనర్సమ్మ అంగీ మీద నెత్తురు చూసింది. మేకలు కోశామన్నాను.

"మేకలు ఇంకా మన కొట్టంల కట్టేసే ఉన్నయి" అంది. కాసేపు నా ముఖంలోకి చూసి, "కంచే చేను మేసిందన్నట్టు, మాటిచ్చినోడివి నువ్వేనా? థూ!" అని లోపలికి పోయింది.

మర్నాడు వంటావార్పు రాత్రి దాకా మహా జోరుగా సాగింది. మేకమాంసంలో దుప్పిమాంసం కలిసిపోయింది. ఎవరికీ అనుమానం రాలేదు. జై తెలంగాణ నినాదాలతో రోడ్డు దద్దరిల్లింది. దస్రు దీక్ష నుంచి వచ్చి నా పక్కనే బంతిలో కూర్చున్నాడు. ఒకరోజంతా పస్తున్న మనిషి, ఆవురావురుమని తిన్నాడు.

"మేక మస్తు లేతగున్నదన్నా!" అన్నాడు.

నేనేం చేయాలి? "దస్రుకు ఇంకింత వెయ్యిండ్రి!" అని కేక పెట్టాను. వడ్డించేవాడు దూరంగా ఉంటే గరిటె లాక్కుని నేనే వేశాను. నా విస్తరిలోది మాత్రం కుక్కకు పెట్టాను.

ఆ మర్నాడు పొద్దు గూకే వేళ దస్రు మడి దగ్గర్నుంచి పరుగున వచ్చాడు. "అన్నా, మడిల నెత్తురున్నది. రెండు తక్కువున్నయ్." గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు, అడక్కముందే నేను గొంతు చించుకున్నాను. పక్కూరి దొంగలన్నాను, పట్టుకుని తోలు తీస్తానన్నాను. ఫిర్యాదు ఇద్దామంటే సమ్మెలో అటవీ ఆఫీసుకు తాళం. దస్రు నా వీరంగమంతా ఓపిగ్గా విన్నాడు.

"ఎవల్నని ఏం లాభం? తప్పు నాది. మనిషంటే బయం లేకుంట చేసిన. ఇగ మడులు బందు. మళ్ళ బయం నేర్పాలె" అన్నాడు.

పది రోజులు గడిచాయి. ఒక సాయంత్రం మళ్ళీ వచ్చి గడప ముందు కూలబడ్డాడు. మనిషి సగమయ్యాడు.

"నా తోని అయితలేదన్నా. మట్టిపెడ్డ ఇసిరితే ఆటనుకుంటున్నయ్. రాయి ఇసురుదామంటే చెయ్యి ఆడ్తలేదు. నీ గొంతు పెద్దది, నువ్వు జర రా. అవి బతకాలంటే పోవాలె."

రానని ఎలా అంటాను? దారంతా అతను ముందు, నేను వెనక. ఇప్పుడైనా చెప్పరా అని నన్ను నేనే తిట్టుకున్నాను. తిట్టుకుంటూనే నడిచాను. మడి దగ్గర నన్ను పొద వెనక ఆగమని దస్రు ముందుకు పోయాడు. దుప్పులు వచ్చాయి. "పోండ్రి! పోండ్రే!" అని అరిచి పెడ్డ విసిరాడు. అవి రెండడుగులు గెంతి మళ్ళీ అతని దగ్గరికే వచ్చాయి. ఒకటి అతని చేతిలోని పెడ్డను వాసన చూసింది. దస్రు ఏడుస్తూ నా వైపు తిరిగి, "ఇగ నువ్వు రా అన్నా" అన్నాడు.

నేను పొద దాటి వచ్చాను. అరవలేదు. చెయ్యి లేపలేదు. ముందున్న ఆడదుప్పి తలెత్తి నన్ను చూసి ఒక్క కూత పెట్టింది. అంతే. మందంతా ఒకదాన్నొకటి తోసుకుంటూ అడవిలో పడింది. ఒక్కటీ వెనక్కి తిరగలేదు.

దస్రు వాటిని చూశాడు. తర్వాత నన్ను చూశాడు. ముఖం మీద ఏడుపు ఆగిపోయింది.

"నువ్వు ఇంకా ఏమన్లే గదన్నా" అన్నాడు. "ఎందుకు గట్ల ఉరికినయ్?"

తల దించుకున్నాను. దస్రు వేళ్ళు మడిచి రోజులు లెక్కపెట్టుకుంటున్నాడు, మడిలో నెత్తురు చూసిన రోజు, దీక్ష రోజు, వంటావార్పు రోజు. ఉన్నట్టుండి అరచెయ్యి నోటికి అడ్డం పెట్టుకున్నాడు.

"అన్నా," అన్నాడు, "నాతోని గుడ తినిపిచ్చినవా?"